ఎడమచేతి కండెలు

ముందే ఒక మాట చెప్పేస్తాను. నేను దయ్యాలను నమ్మను. అప్పుడు నమ్మలేదు, ఎనభై దాటిన ఈ వయసులోనూ నమ్మడం లేదు. ఇది చదివి నా మీద జాలిపడేవాళ్లు, ఫలానా చోట తాయెత్తు కట్టిస్తారని చెప్పేవాళ్లు ఆ శ్రమ పెట్టుకోవద్దు. మా ఊళ్లో నన్ను మొండిఘటం అంటారు. అందులో అబద్ధమేమీ లేదు.

దీన్ని మా మనవరాలు రాయమంది. నోటితో చెప్పిన ప్రతిసారీ ఎవరో ఒకరు మధ్యలో అడ్డుపడి, గాలికి ఏదో చప్పుడై ఉంటుందని తేల్చేస్తున్నారు. నేను చప్పుడు సంగతి చెప్పనే లేదు. అక్కడ నేను ఏ చప్పుడూ వినలేదు. రాతలో అయితే అడ్డుపడేవాళ్లు ఉండరు కదా అని కూర్చున్నాను.

మాది కట్టంగూర్ దగ్గర చిన్న ఊరు, మగ్గాల ఇల్లు. సాగర్ కట్ట పని మొదలై, మా చుట్టుపక్కల ఊళ్ల నుంచి జనం కూలికి అటు పోతున్న కాలం అది. మా ఆయన మగ్గం మీద కూర్చునేవాడు. మా అత్తమ్మా నేనూ రాట్నం తిప్పి కండెలు చుట్టేవాళ్లం. తెలియని వాళ్ల కోసం చెబుతున్నాను. రాట్నం కదురుకు, అంటే తిరిగే ఇనుప చువ్వకు, వేలెడంత పుల్ల తగిలించి నూలు చుడితే అది కండె. నేసేవాడు దాన్ని నాడెలో పెట్టి పడుగు, అంటే నిలువు పోగుల మధ్యలోంచి అటూ ఇటూ విసురుతాడు. అంతే.

అంతే గానీ, చుట్టడంలో ఎవరి చెయ్యి వాళ్లదే. ఒకరిది బిగువు, ఒకరిది వదులు, ఒకరిది మధ్యలో ఉబ్బు. పదిమంది చుట్టిన కండెలు ఒక చాటలో కలిపి పోసినా, ఏది ఎవరిదో మా అత్తమ్మ తడిమి చెప్పేది.

మా ఇంట్లో ఇంకో అలవాటు ఉండేది. ఎవరైనా కండెలు చుట్టి ఇస్తే, అందుకున్నవాళ్లు "నీ చెయ్యి చల్లగుండ" అనాలి. అత్తమ్మ ఆ మాట ఊరందరికీ అనేది. సరదాకు వచ్చి నాలుగు చుట్లు తిప్పిన పక్కింటి పిల్లకు కూడా అనేది. నేను కాపురానికి వచ్చి అప్పటికి తొమ్మిదేళ్లయింది. నాకు ఒక్కసారి కూడా అనలేదు. నేను చుట్టిన కండెను వేళ్ల మధ్య నొక్కి చూసి, "వదులు" అని పక్కన పడేసేది. బిగువుగా ఉన్నా వదులే. నాకు ఒళ్లు మండేది. మండినప్పుడు నోరు మూసుకునే మనిషిని కాను, ఎదురు చెప్పేదాన్ని. ఆ మాట నాకు రాకపోవడానికి అది కూడా కారణమేమో.

ఆ ఏడాదికి అత్తమ్మ కళ్లు బాగా మసకబారాయి. ఒకసారి ఎరుపూ కుంకుమ రంగూ కలిపి చుట్టేసింది. సగం చీర నేశాక గానీ మా ఆయన చూడలేదు. అప్పటి నుంచి ఆమెకు రంగు నూలు ఇవ్వడం మానేశాడు. తెల్లది మాత్రమే. నేను రంగు నూలు ముందేసుకుని కూర్చున్నప్పుడల్లా అత్తమ్మ ముఖం అటు తిప్పుకునేది.

అప్పుడే నల్లగొండలో నుమాయిష్ పడిందని తెలిసింది. ఇప్పటి పిల్లలు టికెట్ కొనుక్కుని పెద్ద పెద్ద పార్కులకు పోతారు కదా, మాకు అదే పెద్ద పార్కు. డేరాలు, బొమ్మల దుకాణాలు, గుండ్రటి గోడ మీద మోటారు సైకిల్ నడిపేవాడు. అన్నిటికంటే మించి, తాటిచెట్టంత ఎత్తు రంగుల రాట్నం. పొద్దుగూకాక దానికి రంగురంగుల బుగ్గలు, అంటే కరెంటు బల్బులు, వెలిగిస్తారని చూసొచ్చినవాళ్లు చెప్పారు.

మా అత్తమ్మ చెవిలో పడింది ఆ ఒక్క మాటే. రంగుల రాట్నం.

"ఎన్ని కదుర్లు ఉంటయే దానికి?" అని అడిగింది నన్ను. నాకు మొదట అర్థం కాలేదు. "తెల్ల నూలు ఏస్తే రంగు నూలైతదా? రంగు గదే వట్టుకుంటదా?" అంది. అప్పుడు అర్థమైంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆమెకు రాట్నం అంటే ఒకటే. తెల్ల నూలు ఒక పక్క పెడితే రంగు కండెలు వచ్చే యంత్రమేదో పట్నంలో పెట్టారని అనుకుంది.

చెప్పాల్సింది. అది మనుషులు కూర్చుని తిరిగే చక్రం అత్తమ్మా, నూలుతో దానికి పని లేదు అని చెప్పాల్సింది. చెప్పలేదు. ఎందుకంటే నాకు దాని మీద కూర్చోవాలని ఉంది. తల్లి వస్తానంటే తప్ప మా ఆయన మగ్గం దిగడని నాకు తెలుసు. "ఏమో అత్తమ్మా, పోయి చూద్దాం" అన్నాను. ఆ తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను.

పోవడం ఖాయమైంది. ఎక్కడ ఉండాలన్నదే తేలలేదు. దీపాలు వెలిగేది పొద్దుగూకాక, మా వైపు చివరి బస్సు పోయేది అంతకు ముందే. బజారు కూడా చూసి రావాలంటే రెండు రాత్రులు ఉండక తప్పదు. ఈ ఒక్క విషయం మీద మా ఇంట్లో మూడు రోజులు పంచాయితీ నడిచింది.

మా ఆయనకు నల్లగొండలో సొంత అన్న ఉన్నాడు, ఆఫీసులో గుమాస్తా. "అన్న ఇల్లు ఉండంగ కిరాయి ఇల్లెందుకు, నలుగురు నవ్వరా?" అన్నాడు. కానీ అంతకు ముందు ఏడాది అత్తమ్మ ఆ ఇంట్లో నెల రోజులు ఉంది. వెంట తన రాట్నం కూడా తీసుకుపోయింది. చప్పుడుకు పిల్లల చదువు చెడుతోందని మా యారాలు, అంటే మా ఆయన అన్న భార్య, అత్తమ్మ నిద్రపోతుండగా రాట్నాన్ని తీసి పెరట్లో కట్టెల కుప్ప మీద పడేసింది. మర్నాడు నీళ్లు కాగుతుంటే అత్తమ్మ పొయ్యి దగ్గర చెయ్యి పెట్టి తడిమింది. సగం కాలిన చక్రపు ఆకు చేతికి తగిలింది. అదే రోజు బస్సెక్కి వచ్చేసింది. "గా గడప మల్ల తొక్కితే నా పేరు మార్చుండ్రి" అంది. ఆ మాట మీద గట్టిగా నిలబడింది.

రెండోది బస్టాండు దగ్గరి సత్రం. ఒకటే హాలు, అందరూ వరసగా పడుకోవాలి, వెనక గట్టు లేని బావి. చూపు మసకైన మనిషిని, ఆరేళ్ల మా బిడ్డ యాదమ్మను వెంటబెట్టుకుని నేను అక్కడ ఉండనన్నాను.

మూడోది మా ఆయన నవ్వుతాలుగా చెప్పాడు. మేము నూలు తెచ్చుకునే దుకాణం సేటు ఒక ఇంటి సంగతి చెప్పాడట. గానుగ పక్కన ఒంటి గది, మూడేళ్లుగా దాదాపు ఖాళీ. అందులో నరుసమ్మ అనే ఒంటరి ఆడమనిషి ఉండేదట. మగ్గాల వాళ్లకు కండెలు చుట్టి బతికేదట. రాట్నం ముందు కూర్చున్నది కూర్చున్నట్టే పోయిందట. ఆ తర్వాత దిగినవాళ్లెవరూ వారం నిలవలేదట.

"ఆ ఇల్లే మాట్లాడు" అన్నాను.

"పిచ్చి లేసిందా నీకు? దయ్యమున్నదంటే."

"ఉంటే మంచిదే. మనం వచ్చేదాంక ఇల్లు కాస్తది."

మా ఆయన తల పట్టుకున్నాడు. ఆయన నాడె విసిరితే చూపు ఆనదు, అంత చెయ్యి. కానీ దయ్యం మాటెత్తితే చాలు, పెరట్లోకి పోవాలన్నా నన్ను తోడు పిలిచేవాడు. అత్తమ్మ మాత్రం తిప్పుతున్న రాట్నం ఆపింది. నా వైపు తిరిగి, "సరే. నువ్వు జూపిన జాగకే వస్త. అక్కడ ఏమన్నయి నన్ను పెద్దోని గడప తొక్కనిస్తివో, మల్ల ఈ ఇంట్ల నీ మాట నడవది. చెప్తున్న" అంది.

అదీ పందెం. నేను సరే అన్నాను.

పొద్దున్నే బస్సెక్కి నల్లగొండలో దిగాం. ఇంటామె పేరు బాలమ్మ, గానుగ ఇంటి మనిషి. మంచిది, ఏదీ దాచలేదు. "నేను లోపల సామాన్లు గూడ ముట్టుకోలే, ముట్టబుద్ధి కాలే. మీ ఇష్టం మీద ఉంటున్నరు, తర్వాత నన్ననొద్దు" అని ఇంత పెద్ద ఇనుప తాళం, దాని ఒకే ఒక్క చెవి నా చేతిలో పెట్టింది.

గదికి ఒక తలుపు, ఇనుప చువ్వలున్న చిన్న కిటికీ. మట్టి నేల, శుభ్రంగానే ఉంది. మూలన పాత రాట్నం. నేను దగ్గరికి పోయి చూశాను. చక్రానికీ కదురుకూ మధ్య ఉండాల్సిన తాడు లేదు. కదురు తుప్పు పట్టింది. నూలు చిలపను, అంటే నూలు కట్టను, తగిలించే చట్రం కూడా ఎక్కడా లేదు. ఇది గుర్తుపెట్టుకోండి. తాడు లేని రాట్నాన్ని ఎంత తిప్పినా కదురు తిరగదు.

అత్తమ్మ కూడా వచ్చి తడిమింది. "మంచి కొయ్య. పాపం, ఎవరు జూస్తలేరు" అంది.

మధ్యాహ్నం నుమాయిష్‌కు పోయాం. ఎండలోనే రంగుల రాట్నం తిరుగుతోంది. జనం కేకలు. అత్తమ్మ నా చెయ్యి పట్టుకుని వేగంగా నడిచింది. చంకలో గుడ్డ సంచి. అందులో ఏముందో అక్కడికి పోయేదాకా నాకు తెలియదు. టికెట్లు ఇచ్చేవాడి ముందు నిలబడి సంచి విప్పింది. రెండు తెల్ల నూలు చిలపలు, పదకొండు కండె పుల్లలు.

"ఎరుపు గావాలె బిడ్డా. జర బిగువుగ చుట్టుమను" అంది.

వాడికి అర్థం కాలేదు. మళ్లీ చెప్పింది. అర్థమయ్యాక వాడు నవ్వాడు. పక్కవాణ్ణి పిలిచి చెప్పాడు, వాడూ నవ్వాడు. వరసలో ఉన్నవాళ్లంతా నవ్వారు. మా ఆయన సిగ్గుతో తల దించుకున్నాడు. నేను వాళ్లందరినీ పట్టుకుని తిట్టాను. అక్కడ గొడవే అయింది. కానీ ఎంత తిట్టినా, ఆ నవ్వుకు అసలు కారణం నేనే అని నాకు తెలుసు.

అత్తమ్మ చిలపలు సంచిలో పెట్టుకుంది. "ఇంటికి పోదాం" అంది. దీపాలు వెలిగేదాకా ఆగమని బతిమాలినా ఆగలేదు. దారి పొడుగునా నా చెయ్యి పట్టుకోలేదు. గోడలు తడుముకుంటూ నడిచింది.

గదికి వచ్చాక సంచి తీసుకుపోయి ఆ పాత రాట్నం పక్కన పెట్టింది. దానితో మాట్లాడినట్టే మాట్లాడింది. "నీ రాట్నం ఖాళీ, నా నూలు ఖాళీ. నాకు కండ్లు లేవు, నీకు మనిషి లేదు. ఇద్దరం ఒక్కటే తీ." అంతే, పడుకుంది. అన్నం తినలేదు. ఆ రాత్రి ఏమీ జరగలేదు. నాకు నిద్ర పట్టలేదు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. అత్తమ్మ లేవలేదు, ఎవరూ లేవలేదు.

తెల్లారి నేను గది ఊడ్చాను. యాదమ్మ ఆ చిలపలు రెండూ దండల్లా మెడలో వేసుకుని గంతులేస్తుంటే, వీపు మీద ఒకటి ఇచ్చి లాక్కుని మళ్లీ సంచిలో పెట్టాను. చిలపలు చిలపల్లాగే ఉన్నాయి. పుల్లలు ఖాళీగా ఉన్నాయి. నా కళ్లతో చూశాను, నా చేతులతో పెట్టాను.

ఎండెక్కాక నలుగురం బజారుకు పోయాం. తాళం నేనే వేశాను. చెవి నా బొడ్డు సంచిలో ఉంది. హోటల్లో పూరీలు తిన్నాం, యాదమ్మకు గాజులు కొన్నాం. అత్తమ్మ పూరీ ముట్టుకోలేదు గానీ మా వెంటే ఉంది. ఒక్క నిమిషం కూడా కనుమరుగు కాలేదు. బడి పిల్లలు ఇళ్లకు వస్తున్న వేళకు తిరిగి వచ్చాం. తాళం వేసినట్టే ఉంది. నేనే తీశాను.

రాట్నం ముందు నేల మీద కండెలు వరసగా పెట్టి ఉన్నాయి.

చిలపలు లేవు. సంచి ఖాళీ. నేను కూర్చుని లెక్కపెట్టాను. పదకొండు పుల్లలకు పదకొండు తెల్ల కండెలు. వాటి పక్కన పన్నెండోది. పన్నెండో పుల్ల మాది కాదు. అరిగి నల్లబడ్డ పాత పుల్ల. దానికి చుట్టింది ఎర్ర నూలు.

ఒక కండె చేతిలోకి తీసుకున్నాను. ఏదో తేడాగా అనిపించింది. తిప్పి చూశాను. చుట్టు తిరగబడి ఉంది. కుడిచేత్తో రాట్నం తిప్పితే దారం ఒక వైపు తిరుగుతుంది. ఇది రెండో వైపు తిరిగింది. అన్నీ అంతే. ఎడమచేత్తో తిప్పితే తప్ప అట్లా రాదు. మా ఇంట్లో ఎడమచేతి వాటం మనిషే లేదు.

రాట్నం చూశాను. తాడు లేదు. కదురు మీద తుప్పు నిన్న ఎట్లా ఉందో అట్లాగే ఉంది. కిటికీ చువ్వలు పట్టుకుని ఊపాను, కదల్లేదు.

మా ఆయన గుమ్మం అవతలే ఆగిపోయాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. "బట్టలు సదురు. ఇప్పుడే అన్న ఇంటికి పోదాం. ఒక్క నిమిషం గూడ ఈడ ఉండొద్దు" అన్నాడు. యాదమ్మను ఎత్తుకుని వీధిలోకి దిగాడు.

నిజం చెబుతున్నాను, నాకూ అక్కడి నుంచి పరుగెత్తాలనిపించింది. కానీ అంతకంటే ముందు పందెం గుర్తొచ్చింది. ఇప్పుడు కదిలితే అత్తమ్మ ఆ గడప తొక్కాలి. నా మాట ఆ ఇంట్లో ఇక లేనట్టే. పోయి గడప మీద అడ్డంగా కూర్చున్నాను.

"నేను రాను. మనల్ని ఎవరన్న కొట్టిన్రా, తిట్టిన్రా? కండెలు చుట్టి పెట్టిన్రు. మీ అన్న ఇంట్ల రాట్నం కాలబెట్టిన్రు. ఏ ఇల్లు మంచిదో నువ్వే చెప్పు."

ఆయన తల్లి వైపు చూశాడు.

అత్తమ్మ ఆపాటికే నేల మీద కూర్చుని ఒక్కొక్క కండె తడుముతోంది. నొక్కింది, దొర్లించింది. వదులు అంటుందని చూశాను. అనలేదు. ఎర్ర కండె దగ్గర ఆగింది. "గిది రంగుది గదూ" అంది. రంగు వేసిన నూలు కాస్త గరుకుగా ఉంటుంది, అందుకే తెలిసిందేమో. "ఎర్రది" అన్నాను. ఆమె ఆ మూల వైపు ముఖం తిప్పి, ఎంతో మామూలుగా, మా పక్కింటి పిల్లతో అన్నట్టే అంది.

"నీ చెయ్యి చల్లగుండ, బిడ్డా."

నాకు ఏడుపొచ్చింది. భయంతో కాదు, కోపంతో. తొమ్మిదేళ్లు వేళ్లు కాయలు కాచేలా చుట్టిన నాకు రాని మాట, ఉందో లేదో తెలియనిదానికి ఒక్క పూటలో వచ్చింది. దయ్యం మీద అసూయ పడిన మనిషి లోకంలో నేనొక్కదాన్నే అయి ఉంటాను.

అత్తమ్మ కొడుకును పిలిచి చెప్పింది. "నీకు భయమైతే నువ్వు పోరా, అన్న ఇంట్ల పండు. నేను నా కోడలు జూపిన జాగల్నే ఉంట." నా కోడలు అనడం కూడా అదే మొదటిసారి. ఆయన పోలేదు. ఆ రాత్రి బయట బాలమ్మ వాళ్ల బండి మీద పడుకున్నాడు, అంతే.

నేను ఊరికే ఉండలేదు. బాలమ్మ దగ్గరికి పోయి ఇంకో చెవి ఉందా అని నిలదీశాను. లేదని బిడ్డ మీద ఒట్టు వేసింది. ఆ పూటంతా గానుగ దగ్గరే ఉన్నానంది, ఎద్దును తోలే మనిషి కూడా అదే చెప్పాడు. వాళ్ల ఇంట్లో కండె చుట్టడం ఎవరికీ రాదు. చివరకు, అడగనా వద్దా అనుకుంటూనే అడిగాను. నరుసమ్మ ఏ చేత్తో పని చేసేది?

"బువ్వ కుడిచేత్తోనే తినేది. పనంత ఎడమచేత్తోనే" అంది బాలమ్మ. "నీకెట్ల ఎర్క?"

నేను గదికి తిరిగి వచ్చేశాను.

ఆ సాయంత్రం అత్తమ్మే నుమాయిష్‌కు పోదాం పదమంది. నిన్న నవ్విన టికెట్ల వాడే ఉన్నాడు. ఆమె వాడి ముందు నిలబడి, "ఏం బిడ్డా, నీ రాట్నం దారాన్ని చుట్టదంట గద, మనుషుల్ని చుట్టుతదంట. నన్ను గూడ చుట్టు మరి" అంది. ఈసారి కూడా అందరూ నవ్వారు. కానీ ఈసారి ఆమెతో కలిసి నవ్వారు. మేమిద్దరం ఒకే పెట్టెలో కూర్చున్నాం. పైకి పోయినప్పుడు నేను కళ్లు మూసుకున్నాను. ఆమె నా మోచెయ్యి పట్టుకుని గుంజింది. "గదే ఎరుపు గదా? గది పచ్చ గదా? కనవడుతున్నయే పిల్లా! మసక మసకగ గని కనవడుతున్నయి." ఆ బుగ్గల వెలుగుకు ఆమె కళ్లకు రంగులు తెలిశాయి. నాలుగు సార్లు ఎక్కాం.

మా ఊరికి తిరిగి వచ్చాక మా ఆయన ఆ కండెలు ముట్టనన్నాడు. పొయ్యిలో పెట్టమన్నాడు. పెట్టనన్నాను. తిరగబడి చుట్టిన కండె నాడెలో నిలవదని, ఒక్కో పోగూ పుటుక్కున తెగుతుందని అన్నాడు. తెగితే తెగనీ అన్నాను.

మా వైపు ఆడవాళ్లు మగ్గం మీద కూర్చోరు. కానీ మా నాయినకు కొడుకులు లేరు. పెళ్లికి ముందు నాకు మగ్గం నేర్పాడు. ఆ సంగతి అత్తగారింట్లో ఎప్పుడూ బయట పెట్టలేదు. మా ఆయన నేసిన బట్టలు అమ్ముకురావడానికి పోయిన రోజు చూసి మగ్గం గుంటలోకి దిగాను. మగ్గం చప్పుడుకు అత్తమ్మ వచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది. ఎవరు నేస్తున్నదీ ఆమెకు తెలిసిపోయి ఉంటుంది.

పదకొండు కండెలూ అయిపోయాయి. ఒక్క పోగు తెగలేదు. ఎర్ర కండెతో ఈ అంచు దగ్గర ఒక గీత, ఆ అంచు దగ్గర ఒక గీత వేశాను. ఒక తువ్వాల అయింది. కోసి తీసుకుపోయి ఆమె ఒళ్లో పెట్టాను.

అత్తమ్మ దాన్ని ఈ చివర నుంచి ఆ చివర దాకా తడిమింది. ఎర్ర గీత దగ్గర వేలు ఆపింది. నేను నిలబడే ఉన్నాను. వదులు అంటే ఆ రోజే పుట్టింటికి పోదామని మనసులో నిర్ణయం చేసుకుని ఉన్నాను.

"మీ ఇద్దరి చేతులు చల్లగుండ" అంది.

ఆ తర్వాత అత్తమ్మ పదేళ్లు బతికింది. ఆ తువ్వాల భుజం మీద లేకుండా గడప దాటలేదు. దాన్ని ఆమెతోనే పంపించేశాం. నా దగ్గర ఆ నల్ల పుల్ల ఒక్కటే మిగిలింది, ఇప్పుడు కూడా ఇక్కడే, ఈ కాగితాల పక్కనే ఉంది.

మా అబ్బాయి చదువుకున్నవాడు. ఎవరో దొంగ తాళంచెవితో తలుపు తీశారంటాడు. తలుపు తీసిన దొంగ నూలు ఎత్తుకుపోతాడు గానీ కూర్చుని చుట్టిపోతాడా? అత్తమ్మే చుట్టి దాచిందంటాడు. చుట్టగలిగితే ఎడమచేత్తో ఎందుకు చుడుతుంది, ఎరుపు ఎక్కడి నుంచి తెస్తుంది? నేను కూడా ఎడమచేత్తో చుట్టి చూశాను, ఒక రోజు కాదు, ఏళ్ల తరబడి. చుట్టు ఆ వైపే తిరుగుతుంది గానీ ఆ బిగువు రాలేదు. నావి వదులే.

దయ్యాలు లేవు. ఎవరు వాదించినా నేను ఇదే అంటాను. నాకు ఆ మాట రావడానికి తొమ్మిదేళ్లు పట్టింది. వచ్చాక అందులో సగం ఎవరికి పోయిందో మాత్రం ఈరోజుకీ నాకు తెలియదు.